40 మీటర్ల ఫోర్-స్క్వేర్‌కు మన గాలులను తట్టుకునే వర్టికల్స్ ఎలా కట్టుకోవాలి?

డోన్ దగ్గర మీకు రెండెకరాల మెట్ట పొలం ఉందని, అందులో హామ్ రేడియో 40 మీటర్ల బ్యాండుకు (7 మెగాహెర్ట్జ్ దగ్గరిది) చదరం నాలుగు మూలల్లో నిలిపే నాలుగు వర్టికల్ (నిలువు) యాంటెన్నాలతో ఫోర్-స్క్వేర్ అర్రే కట్టదలచారని, నిరుడు మే నెల గాలివానకు మీ ఒంటి వర్టికల్ అతుకు దగ్గర వంగి విరిగిపోయిందని రాశారు. ట్రాక్టరు తిరగడానికి అడ్డం కాకుండా, ఈసారి గై తాళ్లు (పక్కల నుంచి లాగి పట్టే తాళ్లు) లేకుండా తమంతట తామే నిలబడేంత మందమైన అల్యూమినియం పైపులు కొనాలనుకుంటున్నారు. ఎంత లావు, ఎంత మందం, అడుగున దిమ్మె ఎలా కట్టాలి అన్నవి మీ ప్రశ్నలు.

సూటిగా చెప్తాను. గై తాళ్లు లేకుండా కట్టే ఆలోచన విరమించుకోండి. రెండంగుళాల పైపుతో మొదలై పైకి పోయేకొద్దీ పావంగుళం చొప్పున తగ్గుతూ అంగుళం పైపుతో ముగిసే ఎలిమెంటు (అర్రేలోని ఒక్కో నిలువు యాంటెన్నా), గోడ మందం 3 మిల్లీమీటర్లు, ఆరు మీటర్ల ఎత్తున మూడు పాలియెస్టర్ తాళ్లు, అడుగున పడుకోబెట్టడానికి వీలైన కీలు. ఇది చాలు. మందమైన పైపులకు పెట్టాలనుకున్న డబ్బును ఎలిమెంటు అడుగు నుంచి చుట్టూ నేలలో పరిచే తీగలకు, అంటే రేడియల్స్‌కు మళ్లించండి. అన్నిటికన్నా ముఖ్యంగా, నాలుగు ఎలిమెంట్లనూ ఒకే రోజు, ఒకే దుకాణంలో, ఒకే సరుకుతో కొని, ఒకే పద్ధతిలో అతికించండి. ఫేజ్డ్ అర్రేలో, అంటే ఎలిమెంట్లకు లెక్క ప్రకారం ముందు వెనుకలుగా కరెంటు పంపి ఒకే దిక్కుకు ప్రసారం చేసే అమరికలో, బలం అంటే విరగకుండా ఉండడం ఒక్కటే కాదు. నాలుగూ మొదటి రోజు ఎంత ఒకేలా ఉన్నాయో ఐదేళ్ల తర్వాతా అంత ఒకేలా ఉండాలి. నేను గుత్తి ప్రాంతంలో ముందు రెండు ఎలిమెంట్లతో, ఆ తర్వాత నాలుగింటితో పనిచేస్తూ వచ్చాను. నంద్యాల వైపు నల్లరేగడిలో ఒక మిత్రుడి అర్రే కట్టడంలోనూ పాలుపంచుకున్నాను. కింద రాసేది ఆ అనుభవం నుంచి వచ్చినది.

గాలి లెక్క ముందు చూద్దాం, ఎందుకంటే మీ ఆలోచన ఎందుకు నిలవదో అదే చెబుతుంది. కట్టడాల మీద గాలి ఒత్తిడికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం కర్నూలుకు సెకనుకు 39 మీటర్ల మూల గాలివేగాన్ని ఇస్తుంది, అంటే గంటకు సుమారు 140 కిలోమీటర్లు. ఏడాది పొడవునా అంత గాలి రాదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో వచ్చే గాలివాన కొన్ని నిమిషాల్లోనే చెట్లను కూల్చి, రేకుల షెడ్లను లేపేసే తీరు మనందరికీ తెలిసినదే, కాబట్టి లెక్కకు ఆ వేగాన్నే తీసుకోవాలి. ఆ వేగంలో చదరపు మీటరుకు సుమారు 910 న్యూటన్ల ఒత్తిడి వస్తుంది. పది మీటర్ల పొడవు, సగటున 38 మిల్లీమీటర్ల లావు ఉన్న గుండ్రటి పైపు మీద అది మొత్తం 42 కిలోల బరువుకు సమానమైన తోపుడు అవుతుంది. ఈ తోపుడు అడుగు భాగాన్ని వంచే బలం దాదాపు 1,900 న్యూటన్ మీటర్లు. గై లేకపోతే దానినంతా అడుగున ఉన్న రెండంగుళాల పైపే మోయాలి. అప్పుడు ఆ లోహంలో పుట్టే ఒత్తిడి 370 మెగాపాస్కల్స్ దాటుతుంది. తలుపులు, కిటికీల సరుకుగా దొరికే 6063 రకం అల్యూమినియం, టీ6 గట్టిదనంలో కూడా, 215 దగ్గర శాశ్వతంగా వంగిపోతుంది. ఖరీదైన 6061 టీ6 కూడా 275 దాటితే నిలవదు.

అదే పైపుకు ఆరు మీటర్ల ఎత్తున మూడు తాళ్లు కట్టి చూడండి. పైన మిగిలే నాలుగు మీటర్ల ముక్క మాత్రమే ఆధారం లేకుండా గాలికి ఊగుతుంది. తాడు కట్టిన చోట ఒకటిన్నర అంగుళం పైపులో పుట్టే ఒత్తిడి 100 మెగాపాస్కల్స్ లోపలే ఉంటుంది. అంటే మామూలు దుకాణంలో దొరికే 6063 సరుకే రెండింతల భద్రతతో నిలుస్తుంది. పైపును ఎంత లావు చేస్తే గాలికి అంత ఎక్కువ వైశాల్యం దొరుకుతుంది కాబట్టి, లావు పెంచి గెలవాలనుకోవడం ఖర్చుతో కూడిన దారి. గుజిరీలో దొరికే పైపు ఏ రకమో తెలియకపోతే దాన్ని 6063 కన్నా బలహీనమైనదనే అనుకొని లెక్క వేయండి.

పావంగుళం మెట్టు, 3 మిల్లీమీటర్ల గోడ అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. రెండంగుళాల పైపు బయటి కొలత 50.8 మిల్లీమీటర్లు, గోడ 3 మిల్లీమీటర్లయితే లోపలి ఖాళీ 44.8. ఒకటిముప్పావు అంగుళం పైపు బయటి కొలత 44.45. ఒకదానిలో ఒకటి సుఖంగా, వదులు లేకుండా దిగుతాయి. అదే కొలత అంగుళం పైపు వరకూ సాగుతుంది. 2 మిల్లీమీటర్ల గోడ పైపులు కొంటే అతుకుల్లో వదులు వస్తుంది, మధ్యలో రేకు చుట్టి సర్దవలసి వస్తుంది. రెండేళ్లలో అతుకు తప్పక పాడయ్యేది అక్కడే. దుకాణానికి వెళ్లినప్పుడు పై సైజు ముక్కను కింది సైజులో దించి చూసి, ఆ తర్వాతే కోయించుకోండి. ఒకే సైజు అని రాసి ఉన్నా, రెండు వేర్వేరు లాట్ల పైపులు ఒకటిగా ఉండవు.

అతుకుల మీద మీరు పెట్టే శ్రద్ధే అర్రే ఆయుష్షు. మీ పాత వర్టికల్ విరిగింది కూడా అతుకు దగ్గరే అన్నారు; అది గాలివాన ఒక్కదాని పని కాకపోవచ్చు. మన ప్రాంతంలో జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఆగకుండా వీస్తుంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని నమ్ముకొనే. పైపులకు గాలివాన కన్నా ఈ నిలకడ గాలి చేసే హాని నిదానమైనది, కంటికి కనిపించనిది. సెకనుకు నాలుగు మీటర్ల మెల్లని గాలి 38 మిల్లీమీటర్ల పైపును దాటేటప్పుడు దాని వెనుక రెండు పక్కలా వంతులవారీగా సుడులు విడిపోతాయి. వాటివల్ల పైపు సెకనుకు సుమారు ఇరవై సార్లు కంపిస్తుంది. రాత్రిపూట పైపుకు చెవి ఆనిస్తే ఆ మోత వినిపిస్తుంది. నెలల తరబడి సాగే ఈ కంపనం అతుకు అంచులో సన్నని పగులు పుట్టిస్తుంది. ఆ పైన వచ్చే గాలివాన ఆ పగులు దగ్గర పైపును విరిచేస్తుంది.

దీనికి విరుగుడు చాలా చవక. పైపులోకి, అడుగు నుంచి తాడు కట్టే ఎత్తు వరకైనా, బొటనవేలి లావు తాడును వదులుగా వేలాడదీయండి. అది లోపలి గోడలకు తగులుతూ కంపనాన్ని తినేస్తుంది. పై ముక్కలోకీ ఒక సన్నని తాడు దించండి. తాడు ఎండిన నూలుది గానీ ప్లాస్టిక్‌ది గానీ అయితే చాలు, రేడియో పరంగా దాని ప్రభావం లేదు. రెండో జాగ్రత్త: క్లిప్పు బిగించడానికి కింది పైపు పై అంచును రంపంతో నిలువుగా చీరుస్తాం కదా, ఆ చీలిక చివర చిన్న రంధ్రం తొలచండి. వాడి మూలగా వదిలేసిన చీలిక చివర నుంచే పగులు మొదలవుతుంది.

అతుకు పొడవు ఇరవై సెంటీమీటర్లకు తగ్గకూడదు. లోపలి, బయటి తలాలను వాటర్ పేపరుతో (సన్నని గరుకు కాగితం) గీరి, వెంటనే అల్యూమినియం అతుకులకు కరెంటు లైన్ల పనిలో వాడే జాయింటింగ్ పేస్టు పలుచగా పూసి దించండి. గీరి వదిలేస్తే కొద్ది నిమిషాల్లోనే ఆక్సైడు పొర మళ్లీ కడుతుంది. పైన స్టెయిన్‌లెస్ హోస్ క్లిప్పు, దాని కింద అడ్డంగా ఒక స్టెయిన్‌లెస్ బోల్టు. కరెంటు ప్రవాహానికి క్లిప్పు, బలానికి బోల్టు. ఒక్క క్లిప్పును నమ్మితే పై ముక్క ఎండలకు, చలికి మెల్లగా లోపలికి జారుతుంది, ఎలిమెంటు పొడవు మారుతుంది; నాలుగింటిలో ఒకటి మాత్రమే జారితే అర్రే సమతూకం పోతుంది, మీకు కారణం దొరకదు. రాగి లగ్గును అల్యూమినియం మీద నేరుగా బిగించకండి, మధ్యలో స్టెయిన్‌లెస్ వాషరు వేయండి. వానాకాలంలో రాగి, అల్యూమినియం కలిసిన చోట అల్యూమినియం తెల్లటి పొడిగా మారిపోతుంది.

తాళ్ల సంగతి. పొలానికి కొనే రంగు రంగుల ప్లాస్టిక్ తాళ్లు మన ఎండకు ఎక్కువ కాలం నిలవవు, పొడిపొడిగా రాలిపోతాయి. నైలాన్ సాగుతుంది, వానలో మరింత సాగుతుంది. పాలియెస్టర్ అల్లిక తాడు, 6 మిల్లీమీటర్లది, ఎండనూ తట్టుకుంటుంది, సాగదు. తాడు మేకును ఎలిమెంటు నుంచి నాలుగు మీటర్ల దూరంలో దించితే, పైన చెప్పిన గాలివానలో ఒక్కో తాడు మీద పడే లాగుడు 60 కిలోల దగ్గర ఉంటుంది; ఆ తాడు బలానికి అది చిన్న పని. స్టే వైరు వాడాలనుకుంటే, కరెంటు స్తంభాల స్టేలకు వాడే గుడ్డు ఆకారపు పింగాణీ ఇన్సులేటర్లతో దాన్ని ఐదు మీటర్లకు మించని ముక్కలుగా విడగొట్టాలి. నాలుగు ఎలిమెంట్లకు పన్నెండు వైర్లు, ఒక్కోదానికి రెండు మూడు ఇన్సులేటర్లు, అన్ని ఇనుప ముక్కలు అర్రే మధ్యలో. నేనైతే తాడే వాడతాను. తాడు కింది మీటరున్నర భాగానికి మాత్రం ఇనుప గొలుసు వేయండి; మేకలు, ఎలుకలు కొరికేది అక్కడే.

ట్రాక్టరు గురించిన మీ చింతకు ఇక్కడ మంచి పరిష్కారం ఉంది. ఒక్కో మూలలో ఒక తాడును చదరానికి బయట, మూలకు ఎదురుగా వేయండి. అప్పుడు 120 డిగ్రీల చొప్పున వచ్చే మిగతా రెండు తాళ్లు చదరం భుజాలకు 15 డిగ్రీలు బయటగా పడతాయి. చదరం లోపల ఒక్క తాడూ ఉండదు. నిజానికి చదరం లోపలికి ట్రాక్టరు రాకపోవడమే మంచిది, ఎందుకో రేడియల్స్ దగ్గర చెప్తాను.

అడుగు భాగానికి వస్తే, తాళ్లతో నిలిచిన ఎలిమెంటు దిమ్మె మోసేది దాదాపు నిలువు బరువు మాత్రమే. ఎలిమెంటు బరువు సుమారు పది కిలోలు, తాళ్ల లాగుడు కలుపుకున్నా వంద కిలోలు దాటడం అరుదు. కాబట్టి పెద్ద కాంక్రీటు అవసరం లేదు. మన పొలాల కంచెలకు వాడే రాతి కూసాలు ఇందుకు చాలా అనుకూలమైనవని నా అనుభవం. రెండు కూసాలను జానెడు ఎడంతో పాతి, వాటి మధ్య ఎలిమెంటును పెట్టి, పైన ఒక బోల్టు మీద ఏతం మానులా వాల్చి లేపుకొనేలా కట్టాను. ఇద్దరు మనుషులు తేలికగా లేపగలరు. అంతకన్నా ముఖ్యంగా, అతుకులు చూసుకోవడానికి ఏడాదికొకసారి దించగలరు. దించడం కష్టమైతే ఎవరూ దించరు.

కూసాలకూ పైపుకూ మధ్య ఇన్సులేషన్‌కు లేత్ షాపులో హెచ్‌డీపీఈ (గట్టి పాలిథీన్) దిమ్మలు తిప్పించుకోండి. నైలాన్ నీటిని కొంత పీల్చుకుంటుంది. తెల్ల పీవీసీ ఎండకు పెళుసెక్కుతుంది. క్వార్టర్ వేవ్ (పావు తరంగం పొడవున్న) ఎలిమెంటు అడుగున వోల్టేజీ తక్కువ: 400 వాట్లు మొత్తం ఒకే ఎలిమెంటులోకి పంపినా, 36 ఓమ్‌ల మీద అది 120 వోల్టుల దగ్గరే. కనుక ఇక్కడి ఇన్సులేటరు ఎంపికలో చూడవలసింది యాంత్రిక బలాన్ని. వోల్టేజీ ఎక్కువగా ఉండేది కొనలో. తాడు కట్టే చోట వేసే రింగు ఏ పదార్థంతో చేసినదన్నది అందుకే ముఖ్యం. ఒకటి గుర్తుంచుకోండి, అడుగున ఎలిమెంటు పక్కన ఉండే ఇనుప పట్టీలన్నీ నాలుగు చోట్లా ఒకే కొలతలో, ఒకే దూరంలో ఉండాలి. వాటి కెపాసిటెన్సు కూడా ఎలిమెంటు కొలతల్లో భాగమే.

మీది ఎర్ర గరుసు నేల అయితే అడుగున్నర, రెండడుగుల లోతు సరిపోతుంది. నల్లరేగడి అయితే వేరు సంగతి. నంద్యాల వైపు మా మిత్రుడి నేలలో వేసవిలో చేయి దూరేంత బీటలు పడతాయి, వానకు నేల ఉబ్బి మూసుకుంటుంది. ఆ కదలికకు కూసాలు ఏడాదిలోనే వంగుతాయి, ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు. బీటలు ఎంత లోతుకు దిగుతున్నాయో మే నెలలో కొలిచి, దానికన్నా లోతుగా తవ్వి, రేగడిని పూర్తిగా తీసేసి, గరుసు నింపి దట్టించి అందులో పాతాము. తాళ్ల మేకులకూ అదే పని చేయవలసి వచ్చింది.

ఇప్పుడు చదరం కొలత. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం 10.56 మీటర్లు, ఇది చదరం భుజం. ఎలిమెంటు పొడవు మాత్రం 10 మీటర్లకు కొంచెం పైన వస్తుంది. మెట్లు మెట్లుగా సన్నబడే పైపుకు అదే ఫ్రీక్వెన్సీ దగ్గర ఇంకాస్త పొడవు కావాలి కనుక, 10.2 దగ్గర మొదలుపెట్టి పై ముక్కను జార్చి సరిచేయండి. భుజాలను ఉత్తర దక్షిణాలకు, తూర్పు పడమరలకు సరిగ్గా పెట్టండి. ఫోర్-స్క్వేర్ కర్ణాల వెంట ప్రసరిస్తుంది కాబట్టి మీకు దొరికే నాలుగు దిక్కులు వాయవ్యం, ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి అవుతాయి. మన ప్రాంతం నుంచి వాయవ్యంలో యూరప్, ఈశాన్యంలో జపాన్, ఆగ్నేయంలో ఆస్ట్రేలియా, నైరుతిలో దక్షిణ ఆఫ్రికా. ఇంతకన్నా అనుకూలమైన అమరిక కోరుకోలేం. చక్కగా కట్టిన ఫోర్-స్క్వేర్ ఒంటి వర్టికల్ మీద ఐదున్నర డెసిబెల్స్ దాకా లాభం ఇస్తుంది, అంటే పవరును మూడున్నర రెట్లు చేసినట్టే. వినడంలో కలిగే మేలు దానికన్నా విలువైనది, ముఖ్యంగా 7.2 మెగాహెర్ట్జ్ పైన కూర్చున్న ప్రసార కేంద్రాల హోరును వెనక్కి నెట్టేటప్పుడు.

రేడియల్స్ దగ్గర పిసినారితనం చూపకండి. ఉక్కు, అల్యూమినియం బలం గురించి ఇంత రాసినా, మీ అర్రే పనితీరును నిర్ణయించేది నేలే. పరిపూర్ణమైన నేల మీద క్వార్టర్ వేవ్ వర్టికల్ ఇంపెడెన్సు (కరెంటుకు యాంటెన్నా చూపే నిరోధం) 36 ఓమ్‌లు. మీ కొలతలో 50 ఓమ్‌లు కనిపించి, ఎస్‌డబ్ల్యూఆర్ (కేబులుకూ యాంటెన్నాకూ ఎంత పొంతన ఉందో చెప్పే నిష్పత్తి) 1:1 అని మీటరు చూపితే సంతోషించకండి. ఆ పైన ఉన్న 14 ఓమ్‌లు నేలను వేడి చేస్తున్నాయి. ఒంటి వర్టికల్‌లో ఇది డెసిబెల్ ఒకటిన్నర నష్టం. అర్రేలో ఇంకా ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే వెనుక ఎలిమెంటు ఇంపెడెన్సు పరస్పర ప్రభావం వల్ల దాదాపు సున్నాకు పడిపోతుంది, అక్కడ నేల నష్టానిదే పైచేయి అవుతుంది. పైగా నాలుగు చోట్లా నేల నష్టం వేర్వేరుగా ఉంటే కరెంట్ల నిష్పత్తి చెడి, వెనుక దిక్కు సంకేతాల అణచివేత పోతుంది.

1937లో బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ అనే ముగ్గురు అమెరికన్ ఇంజనీర్లు రేడియల్స్ సంఖ్య గురించి చేసిన కొలతల ఆధారంగానే మీడియం వేవ్ ప్రసార కేంద్రాల్లో యాంటెన్నా స్తంభం చుట్టూ 120 తీగలు పాతే ఆచారం స్థిరపడింది. మనకు అన్ని అక్కర్లేదు. ఒక్కో ఎలిమెంటుకు 32, ఒక్కోటి పది మీటర్ల లోపు, అంటే మన ఎర్రటి రాతి నేలకు సంతృప్తికరమైన సంఖ్య. తీగ తక్కువైతే పొడవు తగ్గించి సంఖ్య పెంచండి. నాలుగు పొడవైన తీగల కన్నా పదహారు పొట్టి తీగలు మేలు. నేల మీద పరిచే రేడియల్స్‌ను కచ్చితంగా కోయవలసిన పని లేదు. పక్క ఎలిమెంటు రేడియల్స్ ఎదురైన చోట రెండింటినీ ఆపి, ఒక అడ్డ తీగకు టంకం వేసి కలిపేయండి.

తీగ ఏది? పాత ఇళ్లలో తీసేసిన పీవీసీ తొడుగు ఉన్న రాగి తీగ చాలా మంచిది. తొడుగు తీయనక్కర్లేదు, పనికి ఏ తేడా ఉండదు, నేలలో ఎక్కువ కాలం ఉంటుంది, పైకి రాగి మెరుపు కనిపించదు కాబట్టి దొంగల కంట పడదు. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ల రాగినే వదలని రోజులివి. జీఐ తీగ పొడి ఎర్రనేలలో కొన్నేళ్లు నిలుస్తుంది. చౌడు నేలలో త్వరగా తినేస్తుంది. అల్యూమినియం తీగను నేలలో పాతడం వృథా. రేడియల్స్‌ను పారతో గీసిన గీతలో రెండు మూడు అంగుళాల లోతున పెడతాం కాబట్టి, చదరం లోపల, దాని చుట్టూ పది మీటర్ల వరకూ మడక గానీ గొర్రు గానీ రాకూడదు. రెండెకరాల్లో ముప్పై మీటర్ల చదరం పోతుంది. అది సుమారు ఇరవై రెండు సెంట్లు. మిగతా నేలలో వేరుశనగో కందో వేసుకోవచ్చు. అర్రేకు ఆ ముక్కను వదిలేయండి.

నేల పూర్తిగా బండ అయితే, కూసాల మీద రెండున్నర మీటర్ల ఎత్తున నాలుగేసి రేడియల్స్ కట్టే పద్ధతి కూడా ఉంది. కానీ అప్పుడు వాటి పొడవులు కచ్చితంగా సమానంగా ఉండాలి, ఫీడరుకు (యాంటెన్నాకు వెళ్లే కేబులుకు) గట్టి చోక్ (కేబులు పైపొర మీద కరెంటు పారకుండా ఆపే కాయిలు) కావాలి, కరెంట్లు సమానంగా పంచుకుంటున్నాయో లేదో కొలవాలి. మొదటి అర్రేకు ఆ దారిని నేను సిఫారసు చేయను.

కొలవడం ఇలా. ఒక ఎలిమెంటును నానో వీఎన్ఏ అనే ఇంపెడెన్సు కొలిచే చిన్న పరికరంతో కొలిచేటప్పుడు మిగతా మూడింటి అడుగు కనెక్షన్ విప్పి వదిలేయండి. అడుగు తెరిచి ఉన్న క్వార్టర్ వేవ్ పైపు ఆ ఫ్రీక్వెన్సీలో దాదాపు లేనట్టే ఉంటుంది. నాలుగింటినీ అలా ఒక్కొక్కటిగా కొలవండి. ఒకటి 39 ఓమ్‌లు, మరొకటి 47 చూపితే ఫేజింగ్ బాక్సు (నాలుగు ఎలిమెంట్లకూ కరెంటును లెక్క ప్రకారం పంచే పెట్టె) జోలికి వెళ్లకండి. ఆ ఎలిమెంటు రేడియల్స్ టంకం, అతుకులు, పక్కనున్న ఇనుప కంచె, ఇవన్నీ చూసి, నాలుగూ ఒకటి రెండు ఓమ్‌ల తేడాలోకి వచ్చాకే ముందుకు వెళ్లండి. ఈ దశలో తొందరపడినవాళ్లు తర్వాత నెలల తరబడి బాక్సులోని కాయిల్స్‌ను తప్పుపడుతూ ఉంటారు.

ఫీడరు గురించి మీరు అడగలేదు గానీ, ఒక కొలత ముందే తెలియకపోతే కేబులు మళ్లీ కొనవలసి వస్తుంది. అమెరికన్ హామ్ రాయ్ లెవాలెన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో ప్రతి ఎలిమెంటుకూ మధ్య బాక్సు నుంచి ఎలక్ట్రికల్‌గా పావు తరంగం పొడవున్న కేబులు వెళ్తుంది. అలాంటి కేబులు చివర వచ్చే కరెంటు, బాక్సు దగ్గరి వోల్టేజీ మీదే ఆధారపడుతుంది, ఎలిమెంటు ఇంపెడెన్సు ఎలా ఉన్నా సరే. చదరం మధ్య నుంచి మూలకు దూరం 7.47 మీటర్లు. వెలాసిటీ ఫ్యాక్టర్ (శూన్యంలో వేగంతో పోలిస్తే కేబులులో తరంగం వేగం) 0.66 ఉన్న గట్టి పాలిథీన్ కేబులు పావు తరంగం 6.97 మీటర్లే, అంటే మూలను అందుకోదు. ఫోమ్ రకం, 0.82 దగ్గర ఉండే ఆర్‌జీ-6 టీవీ కేబులైతే 8.66 మీటర్లు వస్తుంది, చక్కగా సరిపోతుంది. 75 ఓమ్‌లది కావడం కూడా ఇక్కడ మేలే. కేబులు మీద అచ్చు వేసిన అంకెను నమ్మి టేపుతో కోయకండి, వీఎన్ఏతో కొలిచి నాలుగూ సమానం చేయండి. దాని అల్యూమినియం అల్లికకు టంకం అంటదు కాబట్టి కంప్రెషన్ రకం ఎఫ్ కనెక్టర్లే వాడాలి. కేబుళ్లను పాత డ్రిప్ సబ్‌మెయిన్ పైపుల్లో దూర్చి పాతితే చెద, ఎలుకల బెడద ఉండదు.

పిడుగుల విషయంలో మన ప్రాంతానికి ఉపేక్ష పనికిరాదు. ఒక్కో ఎలిమెంటు అడుగున రేడియల్ రింగుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడంతో స్పార్క్ గ్యాప్, స్టాటిక్ దిగిపోవడానికి ఒక ఆర్‌ఎఫ్ చోక్, ఇంట్లోకి వచ్చే చోట అన్ని కేబుళ్లకూ ఒకే ఎర్త్ పిట్. అయినా ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వాడని వేళల్లో కేబుళ్లను బయటే విప్పి ఉంచండి.

పని క్రమం గురించి ఒక మాట. నాలుగూ ఒకేసారి నిలబెట్టకండి. పైపులు నాలుగింటికీ కొనండి, కానీ ఒక్కటి మాత్రం పూర్తిగా కట్టి, ఒక మే గాలివాననూ ఒక ఆషాఢం గాలినీ దాన్ని చూడనివ్వండి. ఆ తర్వాత దించి అతుకులు విప్పి పరిశీలించండి. పగులు లేదు, జారలేదు అని తేలాక మిగతా మూడింటినీ దాని నకళ్లుగా కట్టండి.

కరెంటు లైను విషయంలో మాత్రం ఎలాంటి రాజీ వద్దు. వ్యవసాయ మోటార్లకు వెళ్లే 11 కేవీ లైన్లు మన పొలాల మీదుగా ఎక్కడపడితే అక్కడ వెళ్తుంటాయి. పది మీటర్ల అల్యూమినియం పైపును లేపేటప్పుడు గానీ దించేటప్పుడు గానీ ఏ దిక్కుకు పడినా లైనుకు తగలని దూరం ఉండాలి. ఎలిమెంటు ఎత్తుకు కనీసం రెండింతల దూరం పాటించండి. అంత దూరం ఉంటే లైను నుంచి వచ్చే చిటపట రొద కూడా తగ్గుతుంది. మీ పొలంలో లైను ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో, నేల ఎర్రదో రేగడో, ఇనుప ముళ్ల కంచె ఉందో లేదో రాయండి. చదరాన్ని పొలంలో ఎటు జరిపితే మంచిదో వాటిని చూసి చెప్తాను.